స్పీడ్ పెరిగింది సరే, లెక్క ఏదీ?

'నా కోడ్ ఇప్పుడు రెండింతలు స్పీడ్' అని రెజ్యూమెలో రాసేముందు ఒక్కసారి ఆగండి. దేనితో పోలిస్తే? ఏ మెషీన్ మీద? ఇంటర్వ్యూలో ఈ రెండు ప్రశ్నలు పడితే చాలామంది నీళ్లు నములుతారు.

లైబ్రరీలు రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. నమ్‌పై, పాండాస్ లాంటి పైథాన్ లైబ్రరీల సోర్స్‌కోడ్ తెరిచి చూడండి. అసలు కోడ్ పక్కనే బెంచ్‌మార్క్‌ల ఫోల్డర్ కనిపిస్తుంది. వాటిని నడిపేది 'ఎయిర్‌స్పీడ్ వెలాసిటీ' అనే టూల్. మనం అడిగిన కమిట్లను ఒక్కొక్కటిగా విడిగా ఇన్‌స్టాల్ చేసి, ఏ పనికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. ఫలితాన్ని జేసన్ ఫైల్లో దాస్తుంది. మెషీన్ పేరు, ప్రాసెసర్, ర్యామ్ వివరాలు కూడా ఉంచుతుంది. ఆర్నెల్ల తర్వాత ఒక ఫంక్షన్ నెమ్మదించిందని తెలిస్తే, ఏ మార్పు దగ్గర మొదలైందో గ్రాఫ్‌లో పట్టుకోవచ్చు. పాత అంకెలు లేవా? ఆ వెర్షన్లన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి కొలుచుకుంటూ కూర్చోవాల్సిందే.

కొలవడంలోనూ కిటుకుంది. ఒక్కసారి నడిపితే వచ్చిన అంకెను నమ్మకండి. పక్కన బ్రౌజర్లో సినిమా నడుస్తుంటే అది మారిపోవచ్చు. పైథాన్‌తోపాటే వచ్చే టైమ్‌ఇట్ డాక్యుమెంటేషన్, సగటు కన్నా అతి తక్కువ సమయాన్నే చూడమంటుంది. ఎక్కువ పట్టినప్పుడు కారణం సాధారణంగా మీ కోడ్ కాదు, అదే మెషీన్ మీద నడిచే మిగతా పనులు.

మన కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల్లో 'టెస్టింగ్' చాప్టర్ ఉంటుంది గానీ, ఈ కొలతల చరిత్ర అరుదు. అడిగేవాళ్లు లేరు మరి! మీరైతే ఈ వారమే మొదలుపెట్టండి. తేదీ, కమిట్ ఐడీ, మెషీన్ వివరం, పట్టిన సమయం... ఈ నాలుగూ చాలు. స్పీడ్ తగ్గిన రోజు అంకెను మాత్రం చెరిపేయకండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడటానికి దొరికేది అదే.