మురుగులో ముత్యాలు

పిల్లలూ! బంగారం కోసం వెతికినవాడికి ఎరువు దొరికిన కథ విన్నారా?

జర్మనీలో హాంబర్గ్ అనే రేవుపట్టణం ఉన్నది. అక్కడ 1669లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది, మూత్రంనుంచి బంగారం చేసే ఉపాయం దొరుకుతుందని ఆశపడి, దాన్ని పీపాలకొద్దీ మరగబెట్టి, అడుగున మిగిలిన మడ్డిని బాగా కాల్చాడు. బంగారం రాలేదు. చీకట్లో మెరిసే మైనంలాంటి పదార్థం వచ్చింది. అదే భాస్వరం!

భాస్వరం మూత్రంలోకి ఎలా వచ్చింది? మనం తినే అన్నం, పప్పు, పాలనుంచి. వాటిలోకి? నేలనుంచి. భాస్వరం లేనిదే గింజ పట్టదు, ఎముక గట్టిపడదు. పంట కోసినప్పుడల్లా కొంత భాస్వరం పొలాన్ని వదిలిపోతుంది. పెంటకుప్పల ఎరువు బండ్లకెత్తి తోలితే కొంత తిరిగి పొలానికే చేరుతుంది. కాని పట్నాలలో అది మురుగుతోపాటు చెరువుల్లో, నదుల్లో పడుతున్నది. అక్కడ నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చిపోతాయి.

పొలానికేమో గనుల్లో తవ్విన రాతినుంచి భాస్వరపు ఎరువు చెయ్యాలి. ఆ రాతి నిలవల్లో ఎక్కువ భాగం మొరాకో, పడమటి సహారాలలో ఉన్నది. మన దేశం చాలామటుకు బయటినుంచే కొనుక్కుంటున్నది. నత్రజనినైతే గాలిలోనుంచి తీసి ఎరువు చెయ్యవచ్చు. భాస్వరానికి ఆ దారి లేదు.

మరి ఉపాయం? దాని జాడ కూడా హాంబర్గ్‌లోనే దొరికింది! 1842లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అక్కడి సెయింట్ నికొలాయ్ చర్చి కాలిపోయింది. కొత్త చర్చికి పునాదులు తవ్వుతుంటే, పాతకాలపు పెంట నానిన మట్టిలో స్ఫటికాలు కనిపించాయి. 1845లో ఉలెక్స్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి స్ట్రూవైట్ అని పేరు పెట్టాడు. మురుగులోని భాస్వరం, అమ్మోనియా మెగ్నీషియంతో కలిసి గట్టిపడితే స్ట్రూవైట్ అవుతుందన్నమాట.

మురుగును శుభ్రం చేసే కర్మాగారాల్లో ఇది గొట్టాలలో పేరుకుని పనివాళ్ళను విసిగిస్తుంది. అంచేత ఇప్పుడు కొన్నిచోట్ల తామే మురుగులో మెగ్నీషియం కలిపి, దాన్ని ముత్యాల్లాంటి పూసలుగా తీస్తున్నారు. ఆ పూసలు నేలలో మెల్లమెల్లగా కరిగి మొక్కకు ఆహారమవుతాయి. పెద్దపట్నాల మురుగునుంచి భాస్వరం తిరిగి రాబట్టాలని జర్మనీ 2017లో శాసనమే చేసింది.

ఈ ముత్యాలు మనం ఇంట్లో చెయ్యలేం. కాని కూరల తొక్కలు, రాలిన ఆకులు, మట్టి పొరలు పొరలుగా ఒక పాత కుండీలో వేసి, తడి ఆరకుండా చూడండి. కొన్ని నెలలకు నల్లని ఎరువు తయారవుతుంది. అది వేసిన పాదులో కాసిన బీరకాయలో, నిరుటి తొక్కల భాస్వరం కొంత ఉంటుంది సుమా!