నల్లకొండల దారిలో

అమెరికా వెళ్ళివచ్చామని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "నయాగరా చూశారా?" అని. చూడలేదు. మేము వెళ్ళింది పడమటి దిక్కుకు. షికాగోలో మా ఆడపడుచు ఇంట నాలుగు రోజులు ఉండి, వాళ్ళ కారు తీసుకుని మావారూ నేనూ బయలుదేరాము. స్టీరింగు ఆయన చేతిలో, చక్కిలాల డబ్బా నా ఒళ్ళో.

షికాగో సంగతి ముందు చెప్పాలి. అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే 1893 సెప్టెంబరు 11న సర్వమత మహాసభ ప్రారంభమైంది. వివేకానందస్వామి మాట్లాడింది అక్కడే. ఇప్పుడది చిత్రశాల. స్వామి నిలబడిన హాలు ఆ రూపంలో లేదుగాని, మెట్లెక్కుతూంటే ఒళ్ళు కొంచెం పులకరించిన మాట నిజం. లోపల గ్రాంట్ వుడ్ 1930లో వేసిన 'అమెరికన్ గోథిక్' అనే ప్రసిద్ధ చిత్రం ఉన్నది. త్రిశూలం వంటి గడ్డికర్ర పట్టుకున్న రైతు, పక్కన ముఖం ముడుచుకున్న ఒక స్త్రీ. చూసినవాళ్ళు చాలామంది మొగుడూ పెళ్ళాలనుకుంటారు. చిత్రకారుడు ఉద్దేశించింది తండ్రీ కూతుళ్ళను. రైతుకు నమూనా అతని పళ్ళ డాక్టరు, ఆమెకు నమూనా అతని సొంత చెల్లెలు. "అంత గంభీరంగా ఉన్నారంటే మొగుడూ పెళ్ళాలే" అని తేల్చేశారు మావారు.

మిసిసిపీ నది దాటిన తర్వాత ఒక రోజంతా మొక్కజొన్న చేలు తప్ప మరేమీ లేదు. దక్షిణ డకోటాలో ప్రవేశించాక మాత్రం రోడ్డు పక్కన బోర్డులు మొదలైనాయి: ఐసు నీళ్ళు ఉచితం! వాల్ అనే చిన్న ఊళ్ళో 1931లో హస్టెడ్ అనే ఆయన ఒక మందుల షాపు కొన్నాడు. బేరాలు లేవు. 1936 వేసవిలో, ఎండన పడి పోయేవాళ్ళకు చల్లని నీళ్ళు ఊరికే ఇస్తామని బోర్డులు పెట్టమని భార్య సలహా చెప్పిందట. అంతే, షాపు నిలబడింది. ఈనాటికీ జనం కిటకిటలాడుతున్నారు. మన చలివేంద్రమేగా! ఆ సలహా ఎవరిదో మావారికి రెండుసార్లు గుర్తు చేశాను.

అక్కడికి దగ్గరలోనే బాడ్‌లాండ్స్, ఆ పైన నల్లకొండలు. వాటిలో ఒక కొండకొమ్మున వాషింగ్టన్, జెఫర్సన్, థియొడోర్ రూజ్వెల్ట్, లింకన్‌ల ముఖాలు చెక్కిన సంగతి అందరికీ తెలిసిందే. 1927 నుంచి 1941 వరకు పట్టింది. ఒక్కొక్క ముఖం 60 అడుగులు. ఉలికన్నా డైనమైటుకే ఎక్కువ పని పడింది. ఫొటోలో చూసినదానికన్నా చిన్నవిగా కనిపించాయి నాకు. మనసులో మాట చెబుతున్నాను.

నన్ను పట్టి ఆపింది ఆ ముఖాలు కాదు, ఆ కొండల దస్తావేజు కథ. ఈ నేల లకోటా జాతివారిది. 1868లో ప్రభుత్వం ఒడంబడిక రాసి ఇది మీదేనన్నది. 1874లో బంగారం బయటపడింది. 1877లో చట్టం చేసి తీసేసుకున్నారు. వందేళ్ళు దాటాక, 1980లో, అమెరికా సుప్రీంకోర్టు ఇది అన్యాయమే, వడ్డీతో సహా పరిహారం ఇవ్వమన్నది. పది కోట్ల డాలర్ల పైమాట. లకోటాలు పుచ్చుకోలేదు. పుచ్చుకుంటే అమ్మినట్టవుతుంది, మాకు కొండలే కావాలి అన్నారు. ఆ డబ్బు ఖజానాలో పిల్లలు పెట్టి, నూరు కోట్లు దాటిపోయింది. అవతల వాళ్ళ పైన్ రిడ్జ్ ప్రాంతమేమో ఆ దేశంలోకల్లా కటిక బీద ప్రాంతాలలో ఒకటి.

"ఎంత పౌరుషం!" అన్నాను.

మావారు జవాబు చెప్పలేదు. ఆయన పుట్టిన ఊరు 1981లో శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోయింది. ఆ నీళ్ళలో మునిగిన సుమారు వంద గ్రామాలలో అదొకటి. అప్పటికి ఆయనకు రెండేళ్ళు. మా మామగారు పరిహారం పుచ్చుకుని కర్నూలులో రెండు గదుల ఇల్లు కట్టారు. ఆ గదుల్లోనే నేను కాపురానికి వచ్చాను. కారు దగ్గరికి వచ్చాక ఆయన అన్నారు: "మా నాన్న అమ్మలేదు. ఇచ్చింది పుచ్చుకున్నాడు. పుచ్చుకోకపోతే మమ్మల్ని ఏం పెట్టి పెంచేవాడు?"

నిజమే. క్లాసులో నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడేదాన్ని, ఇరవై మైళ్ళదాకా నోరెత్తలేదు.

మర్నాడు కోడీ పట్టణంలో, మైదాన ప్రాంతపు జాతులవారి మ్యూజియం చూశాము. అద్దాల వెనుక పూసలు కుట్టిన చెప్పులు, పసిపిల్లలను వీపున కట్టుకునే తొట్లు. మనుషులకు దొరకని జాగ్రత్త వాళ్ళ వస్తువులకు దొరికింది. తర్వాత ఎల్లోస్టోన్. 1872లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలో మొదటి జాతీయవనమంటారు. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ సుమారు గంటన్నరకొకసారి నూరడుగులకు పైగా ఎగజిమ్ముతుంది. జనమంతా బెంచీల మీద వరసగా కూర్చుని, ఆలస్యమైన పాసింజరు బండికోసంలాగా ఎదురుచూస్తూంటారు. చూడవలసిందే, వర్ణిస్తే బాగుండదు.

ఆ రాత్రి మావారు అత్తగారికి ఫోన్ చేసి, బుగ్గ సంగతి, దున్నల సంగతి అయ్యాక, నల్లకొండల కథ కూడా చెప్పారు. మా అత్తగారు ఏటా వేసవిలో నీళ్ళు తీసినప్పుడు ఆ ఊరికి వెళ్ళి, మట్టిలో తేలిన తమ ఇంటి గడపరాయి చూసివస్తారు. వర్షాలు పడితే మళ్ళీ అదీ కనిపించదు. ఆవిడ అంతా విని, కాసేపాగి, ఒక్కటే అడిగారు.

"ఆ కొండలు వాళ్ళ కళ్ళకు కనిపిస్తూనే ఉంటాయిట్రా?"

"కనిపిస్తాయమ్మా."

"ఏడాది పొడుగునా?"

"ఏడాది పొడుగునా."

"అయితే ఎందుకు పుచ్చుకుంటారు!" అన్నారావిడ.