కలల స్పీకర్లూ, కాకినాడ గదీ

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర మాటల్లో, స్పీకర్ల మీద ఎంత పెట్టబోతున్నానో నోరు జారి చెప్పేశాను. ఎదురుగా ఉన్న కొలీగ్ చెంచా కింద పెట్టేసి "దానికి కారొస్తుంది కదా బాబూ" అన్నాడు. నిజమే, సెకండ్ హ్యాండుదైతే మంచిదే వస్తుంది. మూడేళ్ళుగా బోనస్సులు ముట్టుకోకుండా దాచిన డబ్బది. మా అమ్మ లెక్కలో అయితే దాని పేరు "పెళ్ళి ఖర్చు".

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే, మన సాఫ్ట్‌వేర్ జనాలు స్పీకర్లు కొనే పద్ధతి శుద్ధ తప్పు. నాతో కలిపే అంటున్నాను. మనం ల్యాప్‌టాప్ కొన్నట్టు కొంటాం. ఎక్సెల్ షీటు ఒకటి తెరిచి, వాట్లు ఒక గడిలో, హెర్ట్జ్‌లు ఇంకో గడిలో రాసి, ఏ గడిలో అంకె పెద్దదైతే అది గొప్పది అనుకుంటాం. నా షీటులో పదిహేడు వరసలుండేవి. కెఫ్, హార్బెత్, బి అండ్ డబ్ల్యూ, క్లిప్ష్, కలకత్తా సోనోడైన్.. అన్నీ. గది కొలత రాసే గడి మాత్రం ఒక్కటీ లేదు!

వాట్ల సంగతే చూడండి. మా చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద "పి ఎం పి ఓ" అని వేలల్లో వాట్లు అచ్చేసేవారు. ఆ లెక్క ప్రకారం ఒక్కో పెట్టె చిన్నసైజు పెళ్ళిమండపానికి సరిపోవాలి. అసలు లెక్క వేరు. ధ్వని 3 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు వాట్లివ్వాలి. మన చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతలు వాట్లు. ఒక్క వాటుకి మీటరు దూరంలో 83 డెసిబెల్స్ ఇచ్చే మొద్దు స్పీకరైనా సరే, చిన్న గదిలో ఆరడుగుల దూరంలో కూర్చుని వీణ వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు. గమకానికి వందల వాట్లెందుకు?

ఇక గది. కాకినాడలో మా ఇంట్లో పాటలు వినే గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. పైన సిమెంటు స్లాబు, కింద నున్నటి టైల్సు. చప్పట్లు కొడితే జింగుమంటుంది. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం తరంగం పట్టే పౌనఃపున్యం దగ్గర గది తనే పాడడం మొదలెడుతుంది (ఇంజినీరింగ్‌లో చదివాం కదా, పరీక్ష రాసేసి మర్చిపోయాం). పదడుగులకి అది సుమారు 56 హెర్ట్జ్. మా గదికి వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి ఆ 56 రెండు వైపుల నుంచీ వచ్చి కూర్చుంటుంది. మూడు శ్రుతికి మీటిన వీణలో అనుమంద్రం తీగ పలికేది 60 హెర్ట్జ్ చుట్టుపక్కలే! అంటే లక్షలు పోసి నిలువెత్తు స్పీకర్లు తెచ్చి ఆ గదిలో పెడితే, అనుమంద్రం మీటినప్పుడల్లా వినపడేది వీణ కాదు, మా గోడలు.

ఈ విషయం హైదరాబాద్‌లో ఒక షోరూంలో కూర్చున్నప్పుడు నాకు తెలీదు. అక్కడబ్బాయి వినయంగా ఈగల్స్ వాళ్ళ 'హోటల్ కాలిఫోర్నియా' 1994 లైవ్ రికార్డింగ్ పెట్టాడు. ప్రపంచంలో ఏ షోరూంకెళ్ళినా అదే పెడతారు, అదొక రూలనుకుంటా :). అది నేను ఇంట్లో ఎప్పుడూ వినను. నా పెన్‌డ్రైవ్ ఇచ్చి చిట్టిబాబు వీణ పెట్టమన్నాను. "మోనో రికార్డింగ్ సార్, వీటికి న్యాయం జరగదు" అన్నాడు. జరక్కపోతే ఆ స్పీకర్లు నాకెందుకండీ? నేను వినేదే అది!

చిట్టిబాబు పుట్టింది మా కాకినాడలోనే, 1936లో. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. మా నాన్నగారికి వీళ్ళిద్దరూ రేడియోలో పరిచయం. విజయవాడ కేంద్రం పట్టుకోవడానికి ముల్లు అటూ ఇటూ తిప్పుతూ, గరగర మధ్యలోంచి వీణ విన్న తరం అది. ఆ రికార్డింగుల్లో చాలావరకు మోనోయే. మోనోకి ఒక మంచి గుణముంది: అది స్పీకర్లని పరీక్ష చేస్తుంది. రెండు స్పీకర్లూ అచ్చంగా ఒకేలా ఉంటే, వీణ సరిగ్గా మధ్యలో, వీణంత వెడల్పే వినిపించాలి. ఆ పెద్ద స్పీకర్లలో నాకు తలుపంత వీణ వినపడింది. పక్కన మూల ఒక చిన్న జత ఉంది, బి బి సి వాళ్ళ ఎల్ ఎస్ 3/5ఎ తరహాది. 1970లలో ప్రసార వాహనాల్లో, ఇరుకు జాగాలో పెట్టుకోవడానికి చేసిన డిజైనది. అందులో వీణ మధ్యకొచ్చి కూర్చుంది. మెట్ల మీద వేలు జారిన చప్పుడు కూడా తెలిసింది. కింది స్థాయి తగ్గిన మాట వాస్తవమే, 80 హెర్ట్జ్ కింద ఇంచుమించు చేతులెత్తేస్తుంది. కానీ తీగ పైస్వరాలు వినపడితే లేని కింది స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. మా గదికి అలాంటి పెట్టే నయం.

ఇదంతా నాకు వెలిగింది మాత్రం షోరూంలో కాదు, ఇంటికొచ్చాక. ఫోన్లో వీణ పెడితే నాన్నగారు "ఏరా, ఈ మధ్య వీణ దూరంగా వాయిస్తున్నట్టుంది?" అన్నారు. పరీక్ష చేయిస్తే 4000 హెర్ట్జ్ దగ్గర్నుంచి చెవి బాగా దిగిపోయింది. మీటు చప్పుడు, ఆ టింగుమనే అంచు, ఉండేదే అక్కడ. మిషను పెట్టుకుంటే మాటలు వినపడుతున్నాయి గానీ వీణ రేకుడబ్బాలా ఉందంటారు. ఆ మిషన్లు మాట కోసం చేసినవి, పెద్ద శబ్దాన్ని అణిచి చిన్న శబ్దాన్ని లేపుతాయి. చాలావాటిల్లో సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టే వీలుంటుందిట, అడగందే ఎవరూ పెట్టరు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకుంటే అడిగి పెట్టించండి.

అప్పుడు నా ఎక్సెల్ షీటులో "40 కిలోహెర్ట్జ్ దాకా" అన్న గడి చూసి సిగ్గేసింది. నేనే పరీక్ష చేసుకుంటే 16 వేలు దాటాక ఏమీ వినపళ్ళేదు. ఇంకో గడి పెట్టాను: పోయిన నెలలో ఫోను ముట్టుకోకుండా, మధ్యలో లేవకుండా ఒక రాగం మొదట్నుంచీ చివరిదాకా ఎన్నిసార్లు విన్నాను? రెండు. రెండూ కాకినాడలోనే, నాన్నగారి పక్కనే. హైదరాబాద్ ఫ్లాట్లో సున్నా.

కాబట్టి స్పీకర్లు కాకినాడకే. నేను నెలకోసారి వెళ్ళే ఇంట్లో లక్షల సామాను పెట్టడమేంటని మీరనొచ్చు. పెట్టకపోతే హైదరాబాద్‌లో నెలకి సున్నాసార్లు వినే సామానవుతుంది, అంతే తేడా.

అక్కడ ఇంకో బాధ ఉంది, సముద్రపు గాలి. ఇదివరకు కొన్న హోం థియేటర్లో కోను చుట్టూ ఉండే ఫోము, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. వెనకాల టెర్మినళ్ళకి పచ్చగా చిలుము. ఈసారి రబ్బరు అంచున్నవే తీసుకుంటాను. ఇక గది విషయానికి, అమ్మ అటక మీద దాచిన బూరుగు దూది పరుపులు రెండు దించి, మూలల్లో నిలబెట్టి పైన దుప్పట్లు కప్పాను. నేల మీద జంపఖానా వేశాను. చప్పట్లు కొడితే జింగు చాలామటుకు పోయింది. అమ్మ వచ్చి చూసి "ఇదేనా నీ లక్షల సామాను?" అంది.

దసరాకి నాన్నగారిని హైదరాబాద్ తీసుకొస్తున్నాను. మిషనులో సంగీతం ప్రోగ్రామ్ పెట్టించి, అది పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి రెండు జతలూ వింటారు. ఆయనకి వీణ దేంట్లో దగ్గరగా వినపడితే అదే. అది పదిహేడు వరసల్లో ఆఖరిదైనా సరే. ఆయన మాత్రం రేటు చెప్పొద్దన్నారు, చెబితే వినపడదట :)