మాటల పుట్టిల్లు: వీసా

పోయిన వారం చేవెళ్ల నుంచి మా చిన్నమ్మ ఫోను చేసింది. ఒకటే సంబరం. "బిడ్డా, అమెరికా వీసా వచ్చింది! పదేండ్లకు ఇచ్చిన్రు. కోడలికి వచ్చే నెల కాన్పు. మనుమడో మనుమరాలో, నడిచేదాక ఏడాదిపాటు ఆడనే ఉంట."

నా గుండె గుభేలుమంది. ఎందుకంటారా? కిటుకంతా ఆ మాట అర్థంలోనే ఉంది.

లాటిన్‌లో 'చార్టా వీసా' అంటే 'చూసిన కాగితం'. పూర్వం అధికారి ప్రయాణికుడి పత్రాలు పరిశీలించి, చూసినట్టు సంతకం పెట్టేవాడు. కాగితం అనే ముక్క రాలిపోయి, 'చూసినది' అన్నదే మిగిలింది. అది ఫ్రెంచివారి నోట పడి, 19వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. విజన్, వీడియో అన్నీ ఆ ఇంటి పిల్లలే. మన సంస్కృతంలోని 'విద్' ధాతువు కూడా వీటికి దాయాదే సుమండీ! వాళ్లకు చూడటం, మనకు తెలుసుకోవడం. ఆ లెక్కన వేదం, విద్య, వీసా ఒకే వంశం.

మొయినాబాద్ మండలం చిలుకూరులో, గండిపేట చెరువు దగ్గరున్న హుండీ లేని బాలాజీకి ఈ పరాయి మాటే ముద్దుపేరైంది. 'వీసా బాలాజీ' అంటే తెలియనివారు లేరు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరవక ముందు, ఇక్కడ మొక్కుకుని ఇంటర్వ్యూకి చెన్నై రైలెక్కేవారు.

సరే, చిన్నమ్మ సంగతి. వీసా అంటే చూశామనడమే గానీ ఉండమనడం కాదు. పదేళ్లంటే, ఆ పదేళ్లలో అక్కడి గుమ్మం దాకా వెళ్లి అడగవచ్చని. ఎన్నాళ్లు ఉండాలో విమానం దిగాక అక్కడి అధికారి చెబుతాడు. చూడటానికి వెళ్లేవారికి మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో తీసి చూసుకోవాలి. పొడిగింపు కోరకుండా ఆ గడువు దాటితే చేతిలోని పదేళ్ల వీసా కూడా చెల్లదు.

ఇదంతా చెప్పాను. చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్లు లెక్కబెడుతున్నట్టుంది.

"ఆర్నెల్లంటే బోర్లపడేది చూస్త. కూసునేది చూస్తనేమో. నడిచేది చూడ."

"పొడిగింపు అడగొచ్చు చిన్నమ్మా, ఇస్తారన్న భరోసా మాత్రం లేదు."

"కొడుకుతోని మాట్లాడతలే," అని నిట్టూర్చి, "108 చుట్లు ఉన్నయి గద. శనివారం గుడిల మస్తు జనముంటరు, మంగళారం పోదామా?" అంది.