సంతకం మీది, పూచీ మీదే!
నాగార్జునసాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీలున్న నందికొండ 2018లో మునిసిపాలిటీ అయింది. కాబట్టి ఇక్కడ ఇల్లు కట్టుకోవాలంటే 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం చూడాల్సిందే.

75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అంతకు పెద్ద స్థలమైతే, 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది.

సులువే కదా! మెలికా అక్కడే ఉంది. రాసిచ్చింది అబద్ధమని తేలినా, అనుమతికి మించి కట్టినా నోటీసు లేకుండానే కూల్చేయవచ్చు. ‘మేస్త్రీ చెప్పాడండీ’ అంటే చెల్లదు.

పైగా ఇవి ప్రాజెక్టు కోసం సర్కారు కట్టిన కాలనీలు. ఇంటిపన్ను రసీదు ఉన్నంత మాత్రాన స్థలం మీదైపోదు. పునాదికి ముగ్గు పోయకముందే హక్కు కాగితాలు సరిచూసుకోండి.