బడికిచ్చిన సర్కారు సొమ్ముకు లెక్క ఎవరికి చెప్పాలి?

మూలకుళంలో నేను అద్దెకుంటున్న వీధిలోనే ఒక అక్క ఉంటుంది. పారిశుధ్య పని చేస్తుంది. బయట తమిళం, ఇంట్లో తెలుగు. కూతురు ఒక ఎయిడెడ్ బడిలో ఎనిమిదో తరగతి. బడులు తెరిచిన వారంలో ఆమె ఒక రసీదు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద అంకె ఉంది, సంతకం ఉంది, దేనికోసమో మాత్రం లేదు. "టీచర్లకు జీతం గవర్నమెంటే ఇస్తుందంటారు కదా తమ్ముడూ, మరి ఈ డబ్బు దేనికి?" అని అడిగింది. పరిశోధక విద్యార్థినై ఉండీ జవాబు చెప్పలేకపోయాను.

జవాబు కోసం చట్టం తీశాను. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 12 ప్రకారం, ఎయిడెడ్ బడికి ఏటా అయ్యే ఖర్చులో సర్కారు వాటా ఎంతో, అంత నిష్పత్తిలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలి. అది 25 శాతానికి తగ్గకూడదు. ఖర్చులో పది రూపాయలకు ఎనిమిది సర్కారువైతే, పదిమందిలో ఎనిమిదిమందికి ఫీజు ఉండకూడదన్నమాట. అంటే బడి జమాఖర్చులు చూడకుండా అక్క కూతురి హక్కు తేలదు. లెక్కల పుస్తకం ఆడిటర్ల గొడవ మాత్రమే కాదు, వాడపిల్ల చదువు ప్రశ్న.

మరి ఆ పుస్తకం అడిగేదెవరు? సెక్షన్ 21 పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మందికి పైగా తల్లిదండ్రులుండాలంది, సగం మంది మహిళలుండాలంది, గ్రాంట్ల వినియోగాన్ని పర్యవేక్షించే పని అప్పగించింది. 2012 సవరణ వచ్చి ఎయిడెడ్, మైనారిటీ బడుల్లో ఆ కమిటీని సలహాలకే పరిమితం చేసింది. అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడులకైతే కమిటీయే అక్కర్లేదు. 25 శాతం సీట్లకు రీయింబర్స్‌మెంట్ అందుకునేది ఆ బడులే.

ఇది ఒక వైపు. రెండో వైపు సర్కారు చెప్పాల్సిన లెక్క. తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రైవేటు బడుల్లో చేర్చి ఫీజు ప్రభుత్వమే కడుతుంది. 2025లో బకాయిలు పేరుకుపోయి, కొన్ని యాజమాన్యాలు పిల్లలను రానివ్వకపోతే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. సర్కారు కట్టకపోయినా, యాజమాన్యం అదనంగా వసూలు చేసినా గేటు బయట నిలబడేది మన పిల్లలే.

ప్రజాధనంతో ప్రైవేటు నిర్వహణ అనే పద్ధతికి అమెరికా చార్టర్ స్కూళ్లు పెద్ద నమూనా. అక్కడ తొలి చట్టం 1991లో మిన్నెసోటా చేసింది. ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ స్కూల్, డబ్బు తీసుకున్నంతమంది విద్యార్థులు నిజంగా చదువుతున్నారని చూపలేకపోయింది. సుమారు 8 కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం మధ్యలో అది మూతపడింది. వేలాదిమంది పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. ఆలస్యంగా అడిగిన లెక్కకు మూల్యం కట్టింది పిల్లలే.

"మేం ఏటా ఆడిట్ చేయించి శాఖకు పంపుతున్నాం" అని యాజమాన్యాలు అంటాయి. నిజమే కావచ్చు. కానీ ఆ కాగితం పైకి పోతుందే తప్ప కిందికి, తల్లిదండ్రుల దాకా రాదు. అలాగని లెక్క అడగడమంటే గ్రాంటు ఆపమనడం కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను వదిలించుకోబోతే అనంతపురంలో విద్యార్థులు లాఠీదెబ్బలు తిన్నారు. గ్రాంటు ఉండాలి, దాని లెక్క బడి గోడ మీద కనబడాలి. వచ్చిన గ్రాంటు, జీతాల ఖర్చు, వసూలు చేసిన ఫీజు, ఉచితంగా చదువుతున్న పిల్లల సంఖ్య, సర్కారు బకాయి: ఈ ఐదు అంకెలు చాలు.

1949 మే 30న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను బహుశా రాజ్యాంగంలో అత్యంత ముఖ్యమైన అధికారి అన్నారు. ప్రజల సొమ్ముకు కాపలా లేకపోతే హక్కులు కాగితం మీదే మిగులుతాయని ఆయనకు తెలుసు. మనం ఆయన సామాజిక రచనలు చదివినంతగా ఆర్థిక రచనలు చదవలేదు.

దారి లేకపోలేదు. సర్కారు నిధులే ప్రధానంగా నడిపించే విద్యాసంస్థలు సమాచార హక్కు పరిధిలోకి వస్తాయని 2019లో డీఏవీ కళాశాల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని అక్కతో కూర్చుని దరఖాస్తు రాశాను. సంతకం దగ్గర ఆమె ఆగింది. "పాపకు టీసీ ఇచ్చి పంపేస్తే?" అంది. దరఖాస్తు నా పేరుతో పెట్టాను.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఇప్పుడు చేయగల పని ఇదే. మన వాడ పిల్లలు చదివే ఒక్కో బడికి ఒక్కో దరఖాస్తు, మన పేరుతో.