ఆమెను ఎవరైనా అడిగారా?

మా పెద్దమ్మ కూతురు గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. 2016లో బావకు రెండు కిడ్నీలూ పాడైతే అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన రోజున ఊళ్లో ఆడవాళ్లు ఆమెకు బొట్టు పెట్టి, పసుపు కుంకుమలు నిలుపుకున్న పుణ్యాత్మురాలివమ్మా అన్నారు. ఆ రోజు కళ్లు తుడుచుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత మార్కాపురం బస్టాండులో ఒంగోలు బస్సు కోసం కూర్చున్నప్పుడు అడిగాను. "అక్కా, ఇస్తావా అని అప్పుడు నిన్నెవరు అడిగారు?"

"అడిగేదేముంది? మీ బావ అన్నదమ్ములు పిల్లలుగలవాళ్లమన్నారు. మా అత్త నా వైపు చూసింది. అంతే."

అక్కకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఈమధ్య ఒక స్నేహితురాలు ఇంగ్లీషు అనువాదంలో ఒక నవల ఇచ్చింది. మేలిస్ ద కెరంగాల్ అనే ఫ్రెంచి రచయిత్రి 2014లో రాసింది. పందొమ్మిదేళ్ల కుర్రవాడు సముద్రం నుంచి తిరిగొస్తూ ప్రమాదంలో పడి, మెదడు చనిపోయి, గుండె మాత్రం కొట్టుకుంటూ ఉంటాడు. ఒక్క రోజులో జరిగే కథ. చదువుతూ ఏడ్చాను. అయితే నన్ను ఎక్కువగా ఆపింది దుఃఖం కాదు. ఆ ఆస్పత్రిలో ఒక మనిషి తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. కాదనే హక్కు వాళ్లకుంటుంది. కళ్లు మాత్రం ఇవ్వనంటుంది తల్లి. ఆ మాట చెల్లుతుంది. ఆపరేషన్ బల్ల మీద కొడుకు చెవిలో సముద్రపు హోరు వినిపిస్తామని ఇచ్చిన మాట కూడా చెల్లుతుంది. చివరికి ఆ గుండె ఒక స్త్రీకి చేరుతుంది.

పుస్తకం మూసి మన సంగతి ఆలోచించాను. అవయవదానం మీద మన కథలు, సినిమాలు ఎలా ఉంటాయి? కొడుకు గుండె ఎవరికో అమరుస్తారు. తల్లి వెళ్లి ఆ పరాయి ఛాతీకి చెవి ఆనించి వింటుంది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తుంది. ఆమె చేత ఎవరు, ఎలా, ఏం చెప్పి ఒప్పించారన్నది కథలోకి రాదు. త్యాగమూర్తి అనే బిరుదు ఇచ్చాక ఇష్టాయిష్టాలతో పనేముంది?

నేను అవయవదానానికి వ్యతిరేకిని కాను. మా అక్క ఇచ్చిన కిడ్నీతోనే బావ బతికాడు. నా కోపం దానం మీద కాదు, ఆ దానం చేసే బాధ్యతను ఆడదాని వాటాగా పంచిపెట్టిన ఏర్పాటు మీద.

ఇది ఒక్క అక్క కథే అయితే ఇంత రాయను. 1995 నుంచి 2021 వరకు మన దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగితే, వాటిలో 29 వేలకు పైగా మగవాళ్లకు జరిగాయి. స్త్రీలకు అందినవి ఏడువేల లోపు. ఇచ్చేవాళ్ల లెక్క చూడండి. ఒక్క 2023లోనే బతికుండగా అవయవాలిచ్చిన స్త్రీలు 9,784 మంది, పురుషులు 5,651 మంది. అదే ఏడాది చనిపోయాక దానం జరిగినవాళ్లలో మగవాళ్లు 844, ఆడవాళ్లు 255. బతికున్నవాళ్ల దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులెందుకైంది? ఇచ్చే చేతులు ఒకరివి, పుచ్చుకునే చేతులు మరొకరివి కావడం కేవలం ప్రేమేనా?

సంపాదించేవాడు మంచాన పడితే ఇల్లు గడవదు కదా అంటారు. మార్కాపురం పలకల పనికి, మిరప కోతలకు పోయి కూలి తెస్తున్నదెవరు? ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన నడుములతో బిందెలు మోస్తున్నదెవరు? ఆ సంపాదనను సంపాదన అని ఎవరూ అనరు, అంతే తేడా. భార్యకు కిడ్నీలు పోతే ఇదే వాదన తిరగబడుతుంది. ఆయన ఇస్తే ఇల్లెవరు చూస్తారు అంటారు. రెండువైపులా ఓడేది ఆమే.

అవయవాల అమ్మకాన్ని 1994 కేంద్ర చట్టం, 1995లో మన రాష్ట్రం చేసుకున్న చట్టం నేరమన్నాయి. అయినా 2000 ప్రాంతంలో పల్నాడు రైతులు అప్పుల బాధతో కిడ్నీలు అమ్ముకున్నారని తెలిసి రాష్ట్రం ఉలిక్కిపడింది. అక్కడ దళారి ఉన్నాడు, పట్టుకోవచ్చు. ఇంట్లో అత్తగారి చూపును ఏ పోలీసు పట్టుకుంటాడు?

2014 కేంద్ర నియమాల్లో ఒక మంచి మాట ఉంది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె స్వతంత్ర సమ్మతిని పుచ్చుకునే మనిషి కాక వేరొకరు ధ్రువపరచాలని. మా అక్కను ఆస్పత్రిలో అడిగారు. ఒక పక్క బావ, ఒక పక్క మరిది నిలబడి ఉండగా, "ఇష్టమేనా అమ్మా?" అని. "ఇష్టమే సార్" అంది. అందరూ సంతకాలు పెట్టారు. దాన్ని సమ్మతి అందామా?

కిడ్నీ ఇచ్చిన మనిషికి ఏటేటా రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ చూడాలి. బావ మందులు ఒక్క పూట తప్పలేదు, అక్క చూస్తుంది కనుక. అక్క పరీక్షలు రెండేళ్ల తర్వాత ఆగిపోయాయి, చూసేవాళ్లు లేరు కనుక.

మనం అడగవలసినవి ఇవి. దాత అయ్యే స్త్రీతో ఇంటివాళ్లు ఎవరూ లేకుండా, ఆమెకు తెలిసిన భాషలో, ఆస్పత్రి జీతగాడు కాని మనిషి మాట్లాడాలి. ఆమె వద్దంటే కారణం బయటపెట్టకుండా, వైద్యపరంగా కుదరదని మాత్రమే ఇంటివాళ్లకు చెప్పాలి. లేకుంటే కాదన్న ఆడది ఆ ఇంట్లో బతకగలదా? ఇచ్చినవాళ్లకు జీవితాంతం ఉచిత పరీక్షలు మార్కాపురం, గిద్దలూరు ఆస్పత్రుల్లోనే జరగాలి. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అనే లెక్క ఆస్పత్రులవారీగా, స్త్రీ పురుషులవారీగా ఏటా బయటపెట్టాలి. మెదడు చనిపోయిన భర్త మంచం పక్క నిలబడ్డ భార్యకు విషయం ఆమెకే వివరించాలి. వరండాలో మామగారికీ ఊరి పెద్దమనిషికీ చెప్పి సరిపెట్టడం కాదు.

బస్సు వచ్చింది. ఎక్కబోతూ అక్క వెనక్కి తిరిగింది. "వేరేగా కూర్చోబెట్టి అడిగినా ఇచ్చేదాన్నేమోనే" అంది. ఇచ్చేదేమో. ఆ 'ఏమో'ను తేల్చుకునే అవకాశం ఆమెకు రాలేదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి అక్కలుంటే ఈసారి బొట్టు పెట్టి పొగిడే ముందు ఆ ప్రశ్న అడగండి.